ఎనిమిది మిల్లీమీటర్లు

అద్దాలు కోసుడు నా పని.
అఫ్జల్‌గంజ్ దుకాణంల మిగిలిన ముక్కలు
నాలుగు నెలలు జమ చేసి
మూడు ఫీట్ల తొట్టి కట్టిన.
సిలికాన్ వాసన పోనీకె వారం పట్టింది.
ఒక్క బొట్టు కారలే.

రాంనగర్ల ఇల్లు ఓనరు బిల్డర్‌కు ఇచ్చిండు.
మేము బాచుపల్లికొచ్చినం, నాలుగో అంతస్తు.
ట్రాలీ ఆటోల బీరువా, మంచం, గ్యాస్ బండ.
చేపలు కవర్ల, వర్షిత్ ఒళ్లె.
చెట్లేమో తడి పేపర్ల చుట్టి
దోసెపిండి బకెట్ల.
మూసాపేట కాడ గంట సేపు ఆగినం.
పిలగాడు ప్రతి సిగ్నల్‌కు
బకెట్ మూత తీసి చూసిండు.

మూడో రోజు ఆకులు అద్దం లెక్క అయినయ్.
నేనెరిగిన అద్దం కాదు.
వేలు పెడితే వేలికి అంటుకునేది,
ఉడికిన బచ్చలి తీరు.
ఐదో రోజుకు బొక్కలు.
వారానికి కాడలన్ని
ఫిల్టర్ మూతికాడ కుప్ప.
పదకొండు మొక్కలు పెట్టిన,
ఇసుక మీద పదకొండు మొండాలు.
నత్తలకు పండుగ.

"నీ చేతిల ఏం బతికింది" అని స్వరూప అనలే.
అననిది కొత్త ఇంట్ల ఎక్కువ వినిపిస్తది,
ఇంక గోడలకు సామాను ఆనలే గద.

నాకు నీళ్ల మీదనే అనుమానం.
రాంనగర్ల నల్లా,
రోజు విడిచి రోజు, పొద్దుగాల నాలుగింటికి
నిద్రకండ్లతోని పట్టిన నీళ్లు.
ఇక్కడ బోరు. బకెట్ అంచుకు తెల్ల గీత,
సబ్బుకు నురగ రాదు, చాయ్ వేరే రుచి.
నా నెత్తి వెంట్రుకలు గూడ రాలుతున్నయ్ అన్న.
అవి రాంనగర్లనే షురూ అయినయ్ అన్నది.

కలీముద్దీన్ భాయ్‌కి ఫోన్ చేసిన.
"పత్తా గల్‌రా తో గల్నే దో మియా,
జడ్ కూ నక్కో ఛేడో."
అటెన్క తెలుగుల, నిమ్మళంగ:
"నా దగ్గర కొన్నప్పుడు గూడ కరిగినయ్, యాద్ లేదా?
నర్సరీల బురదల ఉండె అవి,
తల బయట పెట్టి గాలి తాగుకుంట.
గాలి ఆకు నీళ్లల్ల పనికి రాదు.
ఒక నీళ్ల ఆకు ఇంకో నీళ్లకు పనికి రాదు.
పాతది ఇడిసిపెడితెనే కొత్తది చేస్కుంటది."
నాకు యాద్ లేకుండె.
బతికినంక కరిగిన సంగతి ఎవడు యాదుంచుకుంటడు.

ఇంట్ల దొంగ వేరే ఉన్నడని తర్వాత తెల్సింది.
బడి నుంచి రాంగనే వర్షిత్
రోజొక మొక్క పీకి మల్ల గుచ్చుతున్నడు,
వేరు పట్టిందా లేదా చూడనీకె.
కొట్టనీకె చెయ్యి లేసింది.
"మరి నాకెట్ల తెలుస్తది నాయిన" అన్నడు.
చెయ్యి దించి, ఏం అడగాల్నో తోచక
కొత్త బడిల దోస్తు దొరికిండా అన్న.
తొట్టి దిక్కు చూపిండు,
నత్తను.

ఆ రాత్రి అద్దానికి కాయిదం అంటించిండు,
స్కెచ్ పెన్నుతో: ముట్టొద్దు.
తెల్లారి చూస్తే దాని కింద
స్వరూప రాత: నాయిన గూడ.

ఇరవై నాలుగో రోజు
ఇసుకల నుంచి సూది మొన.
పచ్చగ లేదు, గోధుమ రంగు.
పాత ఆకు వెడల్పు లేదు, అంచుకు ముడతలు.
"ఇది ఆ చెట్టేనా?" అన్నది స్వరూప.
వేరైతే అదే అన్న,
నాకు మాత్రం ఏం తెల్సు.

దుకాణం స్కేలు తెచ్చి తొట్టి బయట ఆనిచ్చిన.
ఎనిమిది మిల్లీమీటర్లు.
మా లెక్కల ఎనిమిది అంటే
డైనింగ్ టేబుల్ మీద ఏసే అద్దం,
ఎత్తాలంటే ఇద్దరు గావాలె.
ఇదేమో చేప తోక ఊపితే వంగుతున్నది.

తక్కిన పదింటి సంగతి
ఇంక తెల్వదు.